ఆముదం కుటుంబపు మొక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

యుఫోర్బియేసీ అంటే ఏ మొక్కలు?

ఆముదం, కర్రపెండలం, రబ్బరు చెట్టు, జట్రోఫా, బొంతజెముడు, కాడజెముడు, నేపాళం, కుప్పింటాకు, రెడ్డివారి నానబాలు, క్రిస్మస్ రోజుల్లో నర్సరీల్లో కనిపించే ఎర్రాకుల పాయిన్సెట్టియా. ఇవన్నీ ఒకే కుటుంబం. ఇప్పటి లెక్కలో ఈ కుటుంబంలో దాదాపు 220 ప్రజాతులు (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు), 6,000కు పైగా జాతులు ఉన్నాయి. గోడవారన అరచేతి వెడల్పున పాకే కలుపు మొక్క నుంచి అమెజాన్ అడవిలో తలెత్తి చూడాల్సిన చెట్టు దాకా అన్నీ ఇందులోనే. తెలుగులో దీన్ని ఆముదం కుటుంబం అనడం అలవాటు. అది సౌకర్యంగా ఉంది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాం.

చూడటానికి ఇంత తేడాగా ఉన్నవాటిని ఒక్క కుటుంబంలో ఎలా పెట్టారు?

ఆకు చూసి కాదు, పువ్వూ కాయా చూసి. ఈ కుటుంబంలో మగపువ్వు, ఆడపువ్వు ఎప్పుడూ వేరువేరు. రెండూ ఒకే మొక్క మీద ఉండొచ్చు, వేరే మొక్కల మీద ఉండొచ్చు. ఆముదం గెలను దగ్గరగా చూడండి. పైభాగంలో ఎర్రటి కీలాగ్రాలతో ఆడపువ్వులు, కిందిభాగంలో పసుపు కేసరాల గుత్తులతో మగపువ్వులు ఉంటాయి. ఇక కాయకి సాధారణంగా మూడు గదులు, ఒక్కో గదిలో ఒక్క గింజ. ఎండితే మూడు ముక్కలుగా చిట్లి గింజలు విసిరేస్తుంది. ఆముదం కాయ, జట్రోఫా కాయ, రబ్బరు కాయ, అంతెందుకు, నానబాలు మొక్కకి ఉండే ఆవగింజంత కాయను భూతద్దం కింద పెట్టినా ఇదే ఏర్పాటు కనిపిస్తుంది.

పాలు కారితే ఈ కుటుంబమే అనుకోవచ్చా?

అనుకోకూడదు. జిల్లేడుకీ, మర్రికీ, గన్నేరుకీ పాలుంటాయి. వాటికీ దీనికీ చుట్టరికం లేదు. తిరగేసి చూస్తే, ఆముదం కొమ్మ విరిస్తే పాలు రావు, కుప్పింటాకుకీ రావు. కారణం ఉంది. ఈ కుటుంబంలో మూడు పెద్ద శాఖలున్నాయి. ఆముదం, కుప్పింటాకు, మాకరంగా, మాలోటస్ ఉన్న అకలిఫాయిడే శాఖలో పాలు దాదాపు ఉండవు. రబ్బరు, కర్రపెండలం, జట్రోఫా, క్రోటన్ ఉన్న క్రోటనాయిడే శాఖలో పాలో, రంగు నీరులాంటి రసమో ఉంటుంది. జెముళ్లు, నానబాలు, తిల్ల ఉన్న యుఫోర్బియాయిడే శాఖలో మాత్రం చిక్కటి తెల్లపాలు కారతాయి. నాలుగో శాఖ ఒకటి ఉంది కానీ అది ఆగ్నేయాసియాకి పరిమితమైన చిన్న గుంపు.

జెముడు అంటే కాక్టస్ కదా?

కాదు, ఈ గందరగోళం చాలా పాతది. పలకలు పలకలుగా పెరిగి ఎర్రటి పండ్లు కాసే నాగజెముడు నిజమైన కాక్టస్, అమెరికా నుంచి వచ్చినది. కోణాలుగా నిలువునా పెరిగే బొంతజెముడు మాత్రం యుఫోర్బియా యాంటికోరమ్. అది మన నేలదే, ఆముదానికి చుట్టం. బ్రహ్మజెముడు అనే పేరును ఒక్కో ఊళ్లో ఒక్కో మొక్కకు వాడతారు కాబట్టి ఆ పేరు వినగానే ఏ మొక్క అని అడగాల్సిందే.

తేడా కనిపెట్టడం తేలిక. కొద్దిగా గీరితే యుఫోర్బియా తెల్లగా పాలు కారుస్తుంది (కళ్లకు తగలనివ్వకండి). కాక్టస్‌లలో చాలావాటికి నీటిలాంటి రసమే. ముళ్లు చూసినా తెలుస్తుంది. కాక్టస్ ముళ్లు మెత్తటి దిండులాంటి ఒక చుక్కలోంచి గుత్తిగా వస్తాయి, బొంతజెముడు ముళ్లు జంటలుగా ఉంటాయి. నీళ్లు దొరకని చోట బతకడానికి అమెరికాలో కాక్టస్, ఆఫ్రికా ఆసియాల్లో యుఫోర్బియా విడివిడిగా ఒకే రూపానికి వచ్చాయి. రిప్సాలిస్ అనే ఒక్క కాక్టస్‌ను మినహాయిస్తే, మనుషులు తీసుకెళ్లక ముందు అమెరికా బయట కాక్టస్‌లే లేవు.

యుఫోర్బియా పువ్వు గురించి పుస్తకాల్లో సయాథియం అని ప్రత్యేకంగా ఎందుకు రాస్తారు?

ఎందుకంటే అది పువ్వు కాదు, పువ్వుల గుంపు. చిన్న గిన్నెలాంటి నిర్మాణం మధ్యలో కాడ మీద ఒక్క అండాశయం ఉంటుంది. అదే ఆడపువ్వు, మొత్తం. దాని చుట్టూ ఉన్న ఒక్కో కేసరం ఒక్కో మగపువ్వు. కేసరం కాడ మధ్యలో ఒక చిన్న అతుకు కనిపిస్తుంది. పువ్వు కాడ అక్కడితో అయిపోయి కేసరం మొదలైందనడానికి మిగిలిన గుర్తు అది. గిన్నె అంచున తేనె గ్రంథులుంటాయి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని చాలా కేసరాలున్న ఒకే పువ్వుగా లెక్కవేసి, డోడెకాండ్రియా అనే తరగతిలో పెట్టాడు. పాయిన్సెట్టియాలో మనం పువ్వు అనుకునే ఎర్రటివి ఆకులే. అసలు సయాథియాలు వాటి నడుమ పసుపుపచ్చని బొడిపెల్లా ఉంటాయి.

యుఫోర్బియా పేరు వెనక ఒక రాజు ఉన్నాడు. ఉత్తరాఫ్రికాలోని మౌరిటానియా రాజు రెండో జుబా ఒక పాల మొక్కకు తన వైద్యుడు యుఫోర్బస్ పేరు పెట్టాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. లిన్నేయస్ దాన్నే నిలబెట్టాడు.

ఉసిరి, నేల ఉసిరి ఈ కుటుంబమేనా? మా డిగ్రీ పుస్తకంలో అలాగే ఉంది.

మీ పుస్తకం పాతదై ఉండాలి. ఒకప్పుడు ఉసిరి, రాచ ఉసిరి, నేల ఉసిరి అన్నీ యుఫోర్బియేసీలోనే ఉండేవి. గ్రేడీ వెబ్‌స్టర్ 1975లో ఇచ్చిన వర్గీకరణలో ఈ కుటుంబానికి ఐదు ఉపకుటుంబాలు, అందులో ఫిల్లాంథాయిడే ఒకటి. అయితే అప్పటికే ఒక తేడా అందరికీ తెలుసు. ఉసిరి గుంపులో అండాశయపు ఒక్కో గదిలో రెండేసి అండాలుంటాయి, ఆముదం గుంపులో ఒక్కటే. డీఎన్‌ఏ పరిశీలనలు వచ్చాక ఆ తేడా నిజంగా లోతైనదని తేలింది. ఒకటా రెండా అన్న లెక్క రెండు వేరే వంశాల్ని చూపిస్తోందన్నమాట. దాంతో 2003 నాటి ఏపీజీ (డీఎన్‌ఏ ఆధారంగా పూల మొక్కల్ని వర్గీకరించే శాస్త్రవేత్తల బృందం) వర్గీకరణలో ఉసిరి గుంపు ఫిల్లాంథేసీ అనే సొంత కుటుంబమైంది. మెడలో పూసలుగా వేసే గింజల పుత్రజీవి కూడా పుత్రంజీవేసీ అనే వేరే ఇంటికి వెళ్లింది. పరీక్షలో ఏది రాయాలంటే మీ సిలబస్‌లో ఉన్నదే రాయండి, కానీ తెలుసుకోవాల్సింది కొత్తది.

ఇంకా ఏమైనా మారిందా?

ఒక వింత జరిగింది. మీటరు వెడల్పు దాకా పూసే రఫ్లీషియా తెలుసుగా, ఆకులూ కాండమూ లేకుండా అడవి తీగల వేళ్ల మీద బతికే పరాన్నజీవి. దానికి చుట్టాలెవరో చాలాకాలం ఎవరికీ తేలలేదు. 2007లో చార్లెస్ డేవిస్, ఆయన సహచరులు సైన్స్ పత్రికలో దాని స్థానం యుఫోర్బియేసీ మధ్యలోనే ఉందని చూపించారు. చీమతల అంత పువ్వుల కుటుంబంలోంచి ప్రపంచంలోకెల్లా పెద్ద పువ్వు! వంశవృక్షంలో రఫ్లీషియాకు ఒకవైపు పెరా అనే ప్రజాతి ఉన్న చిన్న గుంపు, మరోవైపు మిగతా కుటుంబమంతా ఉన్నాయి. కాబట్టి రఫ్లీషియాని ఇందులో కలిపేసుకోవడం కంటే, ఆ చిన్న గుంపును బయటికి తీసి పెరేసీ అని పేరు పెడితే లెక్క సరిపోతుందని 2016 ఏపీజీ వర్గీకరణలో అలా చేశారు. నా మటుకు నాకు ఇది కాస్త సర్దుబాటులాగే అనిపిస్తుంది, కానీ అలవాటైన పేర్లు చెదరకుండా ఉండాలంటే అదే మంచి దారి.

మా ఇంటి ముందు రంగురంగుల క్రోటన్లు ఉన్నాయి. అవే క్రోటన్ ప్రజాతా?

కాదు. నర్సరీవాళ్లు క్రోటన్ అని అమ్మేది కోడియం వేరిగేటమ్, ఇండోనేషియా నుంచి పసిఫిక్ దీవుల వైపు పుట్టిన మొక్క. కుటుంబం ఒకటే కానీ ప్రజాతి వేరు. అసలు క్రోటన్ ప్రజాతిలో 1,200కు పైగా జాతులున్నాయి, వాటిలో ఇంటి ముందు పెట్టుకునేంత అందమైనవి తక్కువ. మీరు రోజూ చూసేది బహుశా క్రోటన్ బాన్‌ప్లాండియానస్. రోడ్ల పక్కన, రైలు పట్టాల వెంట మోకాలెత్తు పెరిగి సన్నటి తెల్లపూల కంకులు వేస్తుంది. అదీ మనది కాదు, దక్షిణ అమెరికా కలుపు.

ఈ కుటుంబం ప్రపంచంలో ఎక్కడెక్కడ విస్తరించింది?

అతిశీతల ప్రాంతాలు తప్ప దాదాపు అంతటా. కానీ బలగమంతా ఉష్ణమండలంలోనే ఉంది. ఒక్కో ప్రజాతికి ఒక్కో పుట్టినిల్లు. హీవియా అంటే రబ్బరు చెట్టు ప్రజాతి అమెజాన్ పరీవాహకం, దాని చుట్టుపక్కల అడవులు దాటి సహజంగా ఎక్కడా లేదు. మానిహాట్ అంటే కర్రపెండలం ప్రజాతి మొత్తం అమెరికా ఖండాలదే, బ్రెజిల్‌లో అత్యధికం. క్రోటన్‌కు బ్రెజిల్, మడగాస్కర్ రెండూ పెద్ద కేంద్రాలు. మాకరంగా ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా ఉన్నా జాతులు కిక్కిరిసి ఉండేది బోర్నియో, న్యూగినీల్లో. వాటిలో కొన్ని బోలు కాండాల్లో చీమలకు ఇల్లిచ్చి, తమ కాపలాకు పెట్టుకుంటాయి.

యుఫోర్బియా ఒక్కటే దాదాపు 2,000 జాతులు, పూల మొక్కల్లోని అతిపెద్ద ప్రజాతుల్లో ఒకటి. కండగల ముళ్ల జాతులు ఎక్కువగా ఆఫ్రికా, మడగాస్కర్, అరేబియా వైపు. ఈ ఒక్క ప్రజాతిలోనే కిరణజన్య సంయోగక్రియ మూడు పద్ధతుల్లోనూ నడుస్తుంది. పాయిన్సెట్టియాది మామూలు సీ3, నానబాలుది మొక్కజొన్నలాగా వేడిలోనూ బాగా పనిచేసే సీ4, కండగల జెముళ్లు రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పట్టి దాచుకునే క్యామ్ పద్ధతి. ఎడారి, పొలంగట్టు, అడవి మూడుచోట్లా ఇది నిలదొక్కుకోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. హవాయి దీవుల్లోనైతే నానబాలు చుట్టాలు చెట్లయ్యాయి. సీ4 చెట్లు ప్రపంచంలో చాలా అరుదు.

కాయ పేలితే గింజ నాలుగు అడుగులు పడుతుంది. మరి ఖండాలు ఎలా దాటాయి?

పేలడం మొదటి మెట్టు మాత్రమే. అమెరికా ఉష్ణమండలపు హ్యూరా చెట్టు కాయ తుపాకీ పేలినట్టు పగిలి గింజను 40 మీటర్ల దూరం కూడా విసురుతుంది, అయినా సముద్రం దాటదు కదా. ఆముదం గింజ కొన మీద తెల్లటి చిన్న బొడిపె ఉంటుంది. దాని కోసం చీమలు గింజను మోసుకుపోతాయి. కొన్నిటి గింజల్ని పక్షులు తింటాయి, కొన్నిటివి నీళ్లలో తేలతాయి. లక్షల ఏళ్లలో ఒకటీ అరా దాటినా చాలు. ఖండాలు విడిపోయినప్పుడు ఇవి వాటితోపాటు పంచుకుపోయాయని చాలామంది అనుకుంటారు. కానీ ఈ కుటుంబంలో చాలా ప్రజాతులు ఆ విడిపోవడం జరిగాక పుట్టినవే, కాబట్టి ఎక్కువ సందర్భాల్లో సముద్రం దాటి రావడమే సరైన వివరణ. ఆ తర్వాత పని మనిషి పూర్తిచేశాడు.

రబ్బరు చెట్టు పుట్టింది బ్రెజిల్‌లో అయితే రబ్బరు ఆసియాలో ఎందుకు పండుతోంది?

1876లో హెన్రీ విక్‌హామ్ అమెజాన్ నుంచి 70,000 గింజల్ని లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. వాటిలో మొలిచినవి 3,000 లోపే. ఆ నారులో ఎక్కువ భాగం సిలోన్‌కు వెళ్లింది, అక్కడి నుంచీ సింగపూర్ నుంచీ ఆసియా తోటలు మొదలయ్యాయి. కేరళ రబ్బరు కూడా ఆ వంశమే.

అమెజాన్‌లో రబ్బరు చెట్టుకు ఒక ఆకుమచ్చ తెగులు ఉంది. అడవిలో చెట్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఆ శిలీంధ్రం ఒకదాన్నుంచి మరోదానికి తేలిగ్గా పాకదు. వరసగా తోట వేస్తే పాకుతుంది. హెన్రీ ఫోర్డ్ 1928లో తపజోస్ నది ఒడ్డున ఫోర్డ్‌లాండియా పేరుతో పెద్ద రబ్బరు తోట మొదలుపెడితే, ఈ తెగులు దాన్ని తినేసింది. 1945లో ఆ భూమి బ్రెజిల్ ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఆసియాకు గింజ వచ్చింది, తెగులు రాలేదు. మన రబ్బరు తోటలన్నీ ఆ ఒక్క అదృష్టం మీద నిలబడి ఉన్నాయి. అందుకే అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చే మొక్కల మీద క్వారంటైన్ కట్టడి. విమానాశ్రయంలో చిన్న కొమ్మకి కూడా ఇంత టెన్షన్ ఎందుకని విసుక్కునేవాళ్లు ఫోర్డ్‌లాండియాని గుర్తుచేసుకోవాలి.

కర్రపెండలానికి కూడా ఇలాంటి అదృష్టమేనా?

దానికి ఆ అదృష్టం అయిపోయింది. కర్రపెండలాన్ని పోర్చుగీసువారు దక్షిణ అమెరికా నుంచి తెచ్చారు. 19వ శతాబ్దంలో తిరువాంకూరు రాజు విశాఖం తిరునాళ్ దాన్ని కరువు తిండిగా ప్రోత్సహించాడు. తమిళనాడులో సేలం, మనవైపు పెద్దాపురం, సామర్లకోట ప్రాంతం ఈ దుంపతో చేసే సగ్గుబియ్యానికి పేరు. కర్రపెండలాన్ని పట్టే పిండినల్లి అనే పురుగు 1970ల్లో ఆఫ్రికా చేరి పంటల్ని ఊడ్చేసింది. అప్పుడు శాస్త్రవేత్తలు ఆ మొక్క పుట్టింటికే వెళ్లి వెతికి, పరాగ్వేలో దాని సహజ శత్రువైన ఒక చిన్న కందిరీగను పట్టుకొచ్చి 1981లో నైజీరియాలో వదిలారు. ఆ కృషికి నాయకత్వం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. అదే పిండినల్లి 2020లో కేరళలోని త్రిశూర్‌లో బయటపడింది. విరుగుడుగా ఆ కందిరీగనే ఇక్కడికీ తెప్పించారు. మొక్క ఏ దేశానిదో తెలియకపోతే దాని శత్రువుల శత్రువుల్ని ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

ఆముదం మన దేశపు మొక్కేనా?

వేల ఏళ్లుగా ఇక్కడ ఉంది, కానీ పుట్టింది ఈశాన్య ఆఫ్రికాలో, ఇథియోపియా పరిసరాల్లో అంటారు. ప్రాచీన ఈజిప్టు సమాధుల్లో దాని గింజలు దొరికాయి. ఎర్రకాడ, పచ్చకాడ, పొట్టి, పొడుగు అని ఎన్ని రకాలున్నా రిసినస్ ప్రజాతిలో ఉన్నది ఒక్కటే జాతి. ప్రపంచంలో అత్యధికంగా పండించేది భారతదేశం, అందులో గుజరాత్ ముందుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో ఒకప్పుడు ఎక్కడ చూసినా ఆముదం చేలే. పత్తి వచ్చి వాటిలో చాలా భాగాన్ని తీసుకుంది. ఆముదం మీద పరిశోధన చేసే నూనెగింజల పరిశోధన సంస్థ మాత్రం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది.

అయితే నిజంగా మనదని చెప్పుకోదగ్గది ఏది?

పొణికి. కొండపల్లి బొమ్మలకూ, నిర్మల్ బొమ్మలకూ వాడే తేలికైన తెల్లటి కర్ర ఈ చెట్టుదే. గివోషియా మొలుక్కానా దీని శాస్త్రీయ నామం. దక్షిణ భారతపు ఎండు కొండలు, శ్రీలంక, అంతే దీని ప్రపంచం. ఈ ప్రజాతిలో ఉన్నవి నాలుగే జాతులు. ఒకటి మన దగ్గర, మిగతా మూడు మడగాస్కర్, తూర్పు ఆఫ్రికాల్లో. అంటే కొండపల్లి బొమ్మ చెట్టుకు దగ్గరి చుట్టాలు హిందూ మహాసముద్రం అవతలి ఒడ్డున ఉన్నారు.

పేరు చూస్తే మొలుక్కా దీవుల చెట్టులా ఉంటుంది. ఆ దీవుల్లో ఇది లేనే లేదు. లిన్నేయస్ పెట్టిన జాతి పేరు భౌగోళికంగా తప్పైనా అందరికన్నా ముందుది, నామకరణ నియమాల్లో మొదటి పేరుదే గెలుపు. అందుకే తర్వాత గ్రిఫిత్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన రాట్‌లెరిఫార్మిస్ అనే పేరు పక్కకు పోయింది, కొన్ని పుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది. ఇంకో సంగతి, మూడు గదుల కాయ అని పైన చెప్పిన నియమం దీనికి వర్తించదు. దీని కాయ పగలదు, లోపల సాధారణంగా ఒకటే గట్టి గింజ. బొమ్మలకు చెట్లు కొట్టీ కొట్టీ దగ్గరి అడవుల్లో పొణికి తగ్గిపోయింది, కర్ర దూరం నుంచి రావాల్సి వస్తోంది. తోటలుగా పెంచితే తప్ప ఈ కొరత తీరదు.

మన అడవుల్లో ఇంకా ఏమున్నాయి?

శేషాచలం, కడప వైపు కొండల్లో క్రోటన్ స్కాబియోసస్ అనే చిన్న చెట్టు ఉంది. తూర్పు కనుమల్లోని ఆ కొంచెం ప్రాంతం తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగదు. కోరంగి మడ అడవుల్లో తిల్ల చెట్టు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇది భారత తీరం నుంచి ఆస్ట్రేలియా దాకా విస్తరించింది. ఎర్రపొడి పూసినట్టుండే కాయల సింధూరపు చెట్టు మాలోటస్ ఫిలిప్పెన్సిస్. సామర్లకోటలో తోట నడిపిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దీన్ని రాట్‌లెరా టింక్టోరియా పేరుతో వర్ణించాడు. తరంగంబాడి మిషనరీ రాట్లర్ పేరు మీద పెట్టిన ఆ ప్రజాతి పేరు ఇప్పుడు నిలవలేదు. మరోవైపు, పల్లె వైద్యంలో అంత పేరున్న రెడ్డివారి నానబాలు నిజానికి అమెరికా నుంచి వచ్చిన మొక్క. వచ్చి ఎంతగా కలిసిపోయిందంటే తెలుగింటి పేరే పెట్టేశాం.

జట్రోఫా డీజిల్ ఏమైంది?

2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి పెట్రోలు, డీజిల్‌లలో 20 శాతం జీవ ఇంధనం కలపాలని లక్ష్యం పెట్టుకుంది. డీజిల్‌లో కలిపే నూనె కోసం అందరి ఆశా బీడు భూముల్లో వేసిన జట్రోఫా మీదే. ఈ మొక్క అమెరికా ఉష్ణమండలంది. ఎండకు చావదు, మేకలు ముట్టవు, నిజమే. కానీ చావకపోవడం వేరు, కాయడం వేరు. నీరు, ఎరువు లేని నేలలో దిగుబడి రాలేదు.

ఇవన్నీ విషమేనా?

అన్నీ కాదు కానీ అనుమానంతో చూడటమే మంచిది. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంది. నూనెలోకి రాదు, పిండిలో మిగులుతుంది, కాబట్టి ముడి చెక్క పశువులకు పెట్టకూడదు. జట్రోఫా, నేపాళం గింజల్లో ఫోర్బాల్ ఎస్టర్లనే విష పదార్థాలుంటాయి. నేపాళం నూనెలోంచి తీసిన అలాంటి ఒక పదార్థాన్ని క్యాన్సర్ ప్రయోగశాలల్లో కణితిని ప్రేరేపించడానికి వాడతారు. బడి పిల్లలు జట్రోఫా గింజలు తిని ఆస్పత్రి పాలవడం తరచూ వార్తల్లో వస్తుంటుంది. ఏ గింజైనా తిన్నారని తెలిస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా, మిగిలిన కాయల్ని వెంట పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. కర్రపెండలం పచ్చిగా తింటే సయనైడ్ విడుదలవుతుంది. తొక్క తీసి బాగా ఉడికించాలి.

నాకు దొరికిన మొక్క పేరు ఎలా తెలుసుకోవాలి?

ఆకు ఫొటో ఒక్కటే తీసి అడిగితే ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. మగపువ్వు, ఆడపువ్వు రెండూ, అడ్డంగా కోసిన పచ్చికాయ, ఆకు అడుగుభాగం, ఆకు కాడ చివర గ్రంథులున్నాయా లేదా, కొమ్మ విరిస్తే పాలా నీళ్లా ఏమీ లేదా, ఇవి కావాలి. కాయ గదిలో గింజ ఒకటుంటే ఆముదం వైపు, రెండుంటే ఉసిరి వైపు వెతకండి. ఎక్కడ దొరికిందో, పొలమా, గుట్టా, ఎవరైనా నాటారా అన్నది కూడా రాసిపెట్టండి. పేరు దొరికాక క్యూ తోటవారి ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్‌లో వెతికితే ఇప్పటి సరైన పేరు, పాత పేర్లు, పుట్టినిల్లు మ్యాపుతో సహా ఉచితంగా చూడొచ్చు. జెముడు జాతైతే కత్తి పెట్టేముందు కళ్లద్దాలు పెట్టుకోండి.